ఓడ కాఫీకి అలవాటుపడిన నాలుక: అమెరికా మాజీ నావికులకు చైన్ కాఫీ షాపులతో పేచీ ఎక్కడ?

అమెరికా నౌకాదళంలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన వారి దగ్గర కాఫీ ప్రస్తావన వస్తే, స్టార్‌బక్స్ వంటి చైన్ షాపుల మీద రెండు ఫిర్యాదులు తరచుగా వినిపిస్తాయి. ఆ కాఫీ నీళ్లలా ఉంటుందన్నది మొదటిది, మాడువాసన కొడుతుందన్నది రెండోది. ఒకే కాఫీ పలచగానూ మాడిపోయినట్టుగానూ ఉందనడం పొసగని మాటలా తోస్తుంది కాబట్టి, వినేవారు దాన్ని పెద్దవయసు సణుగుడు కింద కొట్టిపారేస్తారు. అవి వేర్వేరు పానీయాల మీద వచ్చిన ఫిర్యాదులని గమనిస్తే పొంతన కుదురుతుంది. పలచన అన్న మాట పాలూ సిరప్పూ కలిపిన లాటేకు వర్తిస్తుంది, మాడు అన్న మాట ముదురుగా వేయించిన గింజలతో చేసిన బ్లాక్ కాఫీకి వర్తిస్తుంది. రెండింటిలోనూ కొంత నిజముంది. అయితే వాటికి పోటీగా నిలబెట్టే ఓడ కాఫీ మాత్రం, దాన్ని తలచుకునేవారు చెప్పినంత గొప్పదేమీ కాదు. దాని ఘాటులో గింజ వాటా ఎంత, పాత్ర వాటా ఎంత, నిద్రలేమి వాటా ఎంత అన్నది విడదీసి చూస్తే తప్ప ఈ పేచీ తేలదు.

కాఫీ చిక్కదనమంటే, గింజలోంచి కరిగి కప్పులోని నీటిలోకి దిగిన పదార్థం ఎంత శాతం ఉందన్నదే. డ్రిప్ కాఫీకి అమెరికాలో స్థిరపడిన కొలమానం ప్రకారం ఆ శాతం 1.15 నుంచి 1.35 మధ్య ఉండాలి, లీటరు నీటికి సుమారు 55 గ్రాముల పొడి వాడితే ఆ లెక్కకు దగ్గరగా వస్తుంది. అంటే చక్కగా కుదిరిందనుకున్న కప్పులో కూడా నూటికి 98 పాళ్లకు పైగా నీరే ఉంటుంది. ఫిల్టరులో బొట్టుబొట్టుగా దిగిన డికాషన్‌కు అలవాటుపడిన తెలుగువారు అమెరికన్ డ్రిప్ కాఫీని మొదటిసారి తాగి పెదవి విరవడానికి కారణమిదే. చిక్కదనాన్నంతా ముందే డికాషన్‌లో పోగుచేసి, పాలతో కావలసినంత పలచన చేసుకోవడం మన పద్ధతి. ఓడలో ఈ రెండంచెల ఏర్పాటు లేదు. కుళాయి బిగించిన పెద్ద స్టీలు పాత్ర పైభాగాన పొడి పోసి, మరిగే నీటిని దాని మీదుగా కిందికి దించి, వందల మందికి ఒకేసారి సిద్ధం చేస్తారు. పొడికి కాగితం మీద కొలత ఉంటుంది. అర్ధరాత్రి వాచ్‌కు, అంటే కాపలా వంతుకు, కాఫీ పెట్టేవాడు ఆ కొలతకు మించి ఒకటి రెండు గరిటెలు ఎక్కువ వేసేవాడన్నది పాత నావికుల మాటల్లో పదేపదే వచ్చే సంగతి, దానిని నమ్మకపోవడానికి కారణమేమీ కనిపించదు.

అయితే ఓడ కాఫీ ఘాటును నిర్ణయించింది ఆ అదనపు గరిటెలకంటే కాఫీ పొయ్యి మీద గడిపిన సమయమే అనుకోవాలి. పాత్ర కిందనో గాజు కూజా కిందనో వేడి ఆగకుండా తగులుతున్నంతసేపూ నీరు ఆవిరవుతూ ఉంటుంది, మిగిలిన కాఫీ చిక్కబడుతూ ఉంటుంది. దానితోపాటు రసాయనిక మార్పు కూడా జరుగుతుంది. గింజలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు విడిపోయి క్వినిక్ ఆమ్లం వంటివి పెరుగుతాయి, సువాసననిచ్చే తేలికపాటి పదార్థాలు ఎగిరిపోతాయి, నాలుక మీద పులుపూ చేదూ వగరూ కలిసిన రుచి మిగులుతుంది. నాలుగు గంటల వాచ్ మొదట్లో కాచిన కాఫీని చివరి అరగంటలో వంచుకున్న నావికుడు స్ట్రాంగ్ అని పిలిచింది ఈ రుచినే. దీనికి సరిగ్గా ఎదురైన పద్ధతి చైన్ షాపులది. 2008లో స్టార్‌బక్స్ తన అమెరికా షాపుల్లో కాచిన కాఫీని అరగంటకు మించి నిలవ ఉంచకుండా కొత్తది పెట్టాలన్న నియమం తెచ్చింది. ఓడలో అరగంట దాటిన కాఫీని పారబోయమంటే, వంటవాడు ఆ మనిషిని ఎగాదిగా చూసి ఉండేవాడు.

ఇక కెఫీన్ లెక్క తీస్తే ఫలితం మాజీ నావికులకు రుచించకపోవచ్చు. స్టార్‌బక్స్‌లో గ్రాండే అని పిలిచే 473 మిల్లీలీటర్ల మామూలు బ్లాక్ కాఫీలో 300 మిల్లీగ్రాములకు పైగా కెఫీన్ ఉంటుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజు మొత్తానికి చెప్పే పరిమితి 400 మిల్లీగ్రాములు, అంటే ఒక్క కప్పుతోనే దానిలో మూడొంతులు పూర్తవుతుంది. అమెరికన్ ఇళ్లలో కాచే మామూలు కాఫీలో దాదాపు పావు లీటరుకు 95 మిల్లీగ్రాములు ఉంటుందని సాధారణ అంచనా. మరిగి మరిగి చేదెక్కినంత మాత్రాన కాఫీలో కొత్తగా కెఫీన్ పుట్టదు, నీరు తగ్గిన మేరకు గాఢత పెరుగుతుందంతే. గింజను నల్లగా వేయించినా కెఫీన్ పెద్దగా మారదు. కాబట్టి కప్పుకు కప్పు పెట్టి చూస్తే, మేలుకొలుపు మందుగా చైన్ షాపు బ్లాక్ కాఫీయే బలమైనది కావచ్చు. రెండు షాట్ల ఎస్‌ప్రెసోతో చేసిన అదే పరిమాణపు లాటేలో కెఫీన్ సుమారు 150 మిల్లీగ్రాములే, పైగా కప్పు నిండా పాలే ఉంటాయి. నీళ్లలా ఉందన్న ఫిర్యాదు ఈ రెండోదాని విషయంలో చెల్లుతుంది. ఓడ మీద ఒక్క కప్పుతో ఆగినవారు అరుదు కాబట్టి, రోజు మొత్తం మీద వారి ఒంట్లోకి చేరిన కెఫీన్ మాత్రం తక్కువదేమీ కాదు.

మాడువాసన ఫిర్యాదు ఇంతకంటే గట్టిది. ఆల్ఫ్రెడ్ పీట్ 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో తెరిచిన దుకాణం ముదురు వేపుడుకు పేరుపొందింది, 1971లో సియాటిల్‌లో స్టార్‌బక్స్ మొదలుపెట్టిన ముగ్గురూ ఆయన దగ్గరే ఆ పని చూసి నేర్చుకున్నారు. అంతకుముందు అమెరికన్ వంటిళ్లలోనూ ఓడల్లోనూ నడిచింది లేత, మధ్యస్థ వేపుడు డబ్బా కాఫీ. ఆ నాలుకకు ముదురు వేపుడు చేదు పరాయిది. ఓడ కాఫీలోనూ చేదుండేది గాని, అది నిలవ ఉండటం వల్ల వచ్చిన చేదు, ఇది వేపుడు వల్ల వచ్చిన చేదు. రెండూ ఒకటి కావు. స్టార్‌బక్స్ 2008లో రోజువారీ తాగేందుకు కొంత మెత్తగా ఉండే మిశ్రమాన్నీ, 2012లో బ్లాండ్ పేరుతో లేత వేపుడునూ తేవడం చూస్తే, ఈ ఫిర్యాదు ఒక్క మాజీ నావికులది మాత్రమే కాదని కంపెనీకీ అర్థమైనట్టే ఉంది.

రుచిలో నీటి పాత్రను ఎవరూ అంతగా పట్టించుకోరు గాని, ఓడ విషయంలో దాన్ని వదిలేయడానికి వీల్లేదు. ఓడ తన నీటిని తానే తయారు చేసుకుంటుంది. పాత ఓడల్లో సముద్రపు నీటిని ఆవిరి చేసి చల్లబరిచే యంత్రాలుండేవి, తర్వాతి ఓడల్లో రివర్స్ ఆస్మాసిస్ వచ్చింది. స్వేదనం చేసిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దాదాపు ఉండవు, అవి తగు మోతాదులో లేకపోతే కాఫీ చప్పగా, ఒడ్డూ పొడుగూ లేకుండా దిగుతుంది. క్రిములు చంపడానికి ఆ నీటిలో బ్రోమిన్ కలుపుతారు, దాని వాసన వేరు. ఇవన్నీ పోగా, విమాన వాహక నౌకల్లో విమాన ఇంధనం తాగునీటి ట్యాంకుల్లోకి చేరిన సందర్భాలూ ఉన్నాయి. 2022 సెప్టెంబరులో నిమిట్జ్ నౌకలో అదే జరిగి వార్తలకెక్కింది. ఇటువంటి నీటి రుచిని కప్పిపుచ్చాలంటే పొడి ఎక్కువ వేయడం ఒక్కటే చేతిలో ఉన్న ఉపాయం. చిక్కటి కాఫీ నావికుల మగతనానికి గుర్తని చెప్పుకునేవారు ఈ నీటి సంగతి సాధారణంగా ఎత్తరు. కాఫీలో చిటికెడు ఉప్పు వేసే పాత అలవాటు కూడా ఈ కోవకే చెందుతుంది. దానికి శాస్త్రీయమైన ఆధారముంది: నాలుక మీద చేదు తెలియకుండా చేయడంలో సోడియం చక్కెరకంటే మెరుగ్గా పనిచేస్తుందని రుచి మీద జరిగిన ప్రయోగాలు చూపించాయి. ఉప్పు వేయాల్సి వచ్చిందంటేనే ఆ కాఫీ ఎంత చేదుగా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇంత నాసిగా ఉన్న పానీయం అంత గౌరవం ఎలా సంపాదించిందన్నది అసలు ప్రశ్న. దీనికి చరిత్రలో ఒక జవాబు, పని పద్ధతిలో మరొక జవాబు ఉన్నాయి. 1842లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంలో నావికుడి రోజువారీ రేషన్‌లో ఔన్సు కాఫీ గానీ, ఔన్సు కోకో గానీ, పావు ఔన్సు టీ గానీ ఇవ్వాలని ఉంది. దానితోపాటు సారా కూడా ఉండేది. అంతర్యుద్ధం నడుస్తుండగా, 1862 సెప్టెంబరు 1 నుంచి సారా రేషన్‌ను రద్దు చేసి, దానికి బదులు రోజుకు 5 సెంట్లు జీతంలో కలిపారు. ఆ తర్వాత కూడా అధికారుల భోజనశాలల్లో వైన్ కొనసాగింది. 1914 జులై 1 నుంచి అదీ పోయింది. నౌకాదళ కార్యదర్శి జోసెఫస్ డేనియల్స్ జారీచేసిన 99వ సాధారణ ఉత్తర్వు ఓడల్లోనూ నౌకాదళ స్థావరాల్లోనూ తాగుడును పూర్తిగా నిషేధించింది. అమెరికన్లు కాఫీని జో అని పిలవడానికి ఈ డేనియల్స్ పేరే మూలమని మాజీ నావికులు ఇష్టంగా చెప్పుకుంటారు. మామూలు నావికుడి సారా అప్పటికి 52 ఏళ్ల కిందటే పోయింది కాబట్టి ఆ కథ అంత తేలిగ్గా నిలబడదు. అయినా ఉత్తర్వు ఫలితం మాత్రం నిజమైనదే. ఓడ మీద పదిమంది కలిసి తాగే పానీయంగా కాఫీకి ఇక పోటీ లేకుండా పోయింది. బ్రిటిష్ నౌకాదళంలో రమ్ము రేషన్ 1970 జులై 31 దాకా నడిచింది, రాత్రి వాచ్‌లో వేడిగా తాగడానికి చిక్కటి కోకో ఉండేది. అక్కడ కాఫీ చుట్టూ ఇంత పురాణం పుట్టలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ఆ స్థానాన్ని ఇంకా పదిలపరిచింది. 1942 నవంబరు 29 నుంచి 1943 జులై 28 వరకు అమెరికాలో పౌరులకు కాఫీ రేషన్ అమలైంది, మనిషికి అయిదు వారాలకు ఒక పౌను. అదే కాలంలో ఓడల మీద కాఫీ పాత్ర ఖాళీ కాకుండా చూశారు. ఇంట్లో తల్లిదండ్రులు పొడిని రెండోసారి మరిగించుకుంటున్న రోజుల్లో, పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి రాత్రీ పగలూ అడిగినంత కాఫీ దొరికేది. ఆ తరం వారికి ఓడ కాఫీ రుచితో కాకుండా సమృద్ధితో ముడిపడి గుర్తుండిపోయిందంటే ఆశ్చర్యం లేదు.

పని పద్ధతి ఇచ్చే జవాబు ఇంకా లోతైనది. ఓడ మీద ఇరవై నాలుగు గంటల రోజును వాచ్‌లుగా విభజిస్తారు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున నాలుగింటి దాకా నడిచేది మిడ్ వాచ్. ఆ వాచ్ పడినవాడు పదకొండున్నర కాకముందే లేచి, పావుగంట ముందే చేరి, అప్పటిదాకా ఉన్నవాడి దగ్గర బాధ్యత అందుకోవాలి. ఓడను నడిపే బ్రిడ్జి మీద చీకట్లో చూపు దెబ్బతినకుండా మసక ఎర్రదీపాలే వెలుగుతుంటాయి, ఆ వెలుతురులో కప్పులోని కాఫీ రంగు కూడా తెలియదు. వాచ్‌లో అందరికంటే చిన్నవాడు, మెసెంజర్‌గా పిలిచేవాడు, కిందికి దిగి కాఫీ తేవాలి. ఓడ ఊగుతుంటే, ఒక చేత్తో నిట్టనిలువు ఇనుప నిచ్చెనమెట్లు పట్టుకుని, రెండో చేతి వేళ్లకు మూడు నాలుగు కప్పులు తగిలించుకుని, ఒలకకుండా పైకి రావాలి. ఏ అధికారికి నల్లగా కావాలో, ఎవరికి పాలూ చక్కెరా వేసిన బ్లాండ్ అండ్ స్వీట్ కావాలో అతడు మొదటి వారంలోనే నేర్చుకుంటాడు. ఆ కప్పు చేతికందడంతో పాటు నాలుగు మాటలు కలుస్తాయి. రెండు, మూడు గంటల మధ్య, సముద్రం మీద ఒక్క దీపమూ కనబడని వేళ, ఆ మాటలే మనిషిని మేలుకొలిపి ఉంచుతాయి. కాఫీ అక్కడ పనిముట్టు. దాని రుచి గురించి ఎవరూ అడగరు, అది ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఈ పనిముట్టు ఎందుకంత అవసరమైందన్నది మాత్రం పాత ముచ్చట్లలో దాదాపు రాదు. మెదడులో నిద్రమత్తు కలిగించే అడెనోసిన్ అనే పదార్థం కూర్చోవలసిన చోట కెఫీన్ వచ్చి కూర్చుంటుంది, దానివల్ల మత్తు తెలియదు గాని నిద్ర బాకీ తీరదు. శరీరంలో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది కాబట్టి, రాత్రి రెండింటికి తాగిన కప్పు ఉదయం దొరికే కాస్త నిద్రను కూడా చెడగొడుతుంది. జలాంతర్గాముల్లో దశాబ్దాల పాటు పద్దెనిమిది గంటలనే రోజుగా లెక్కపెట్టి, ఆరు గంటలు వాచ్, పన్నెండు గంటలు ఇతర పనులూ విశ్రాంతీ అన్న పద్ధతి నడిచింది. 2014 ప్రాంతం నుంచి దాన్ని ఇరవై నాలుగు గంటల రోజుకు మార్చారు. పైతలంలో నడిచే ఓడలకు ఆ ఆలోచన రావడానికి ప్రాణాలే మూల్యమయ్యాయి. 2017 జూన్ 17న జపాన్ తీరానికి దగ్గర్లో, రాత్రి ఒకటిన్నర వేళ, ఫిట్జ్‌జెరాల్డ్ అనే యుద్ధనౌక ఒక సరకు రవాణా నౌకను ఢీకొని ఏడుగురు చనిపోయారు. అదే ఏడాది ఆగస్టు 21న తెల్లవారుజామున సింగపూర్ దగ్గర జాన్ ఎస్ మెకెయిన్ నౌక ప్రమాదంలో పదిమంది మరణించారు. వాటి మీద జరిగిన విచారణల్లో శిక్షణ లోపాలూ నాయకత్వ లోపాలతోపాటు అలసట కూడా కారణంగా తేలింది, ఆ తర్వాత నిద్ర వేళలకు అనుగుణంగా వాచ్‌లు సర్దాలన్న ఆదేశం వచ్చింది. ఓడ కాఫీ ఎంత ఘాటైనదో చెప్పి గర్వపడటంలో, మనిషికి నిద్ర దొరకని ఏర్పాటును మామూలు విషయంగా ఒప్పుకోవడం కూడా కలిసి ఉంది. చైన్ షాపు కాఫీ మెత్తగా ఉందని వెక్కిరించేటప్పుడు ఈ సంగతి మరవకూడదు; దాన్ని తాగేవారిలో చాలామందికి ఆ రాత్రి ఇంట్లో మంచం ఉంది.

ఓడ మీద కాఫీ అందరికీ సమానంగా దొరికేదన్న జ్ఞాపకంలోనూ సవరణ అవసరం. నావికుల భోజనశాలలో పాత్ర నుంచి ఎంత పట్టుకున్నా పైసా ఇవ్వక్కర్లేదు. వార్డ్‌రూమ్ అని పిలిచే అధికారుల భోజనశాలకు వేరే లెక్క, వేరే బిల్లు. 1893లో ఏర్పడిన చీఫ్ పెట్టీ ఆఫీసర్ల హోదాకు, అంటే అనుభవం పండిన సీనియర్ నావికులకు, వేరే మెస్సు, అక్కడి కాఫీ ఓడలో అన్నింటికంటే మేలైనదన్న పేరు. ఇవి కాక ఇంజను గదిలోనో రాడార్ గదిలోనో పనిచేసే చిన్న బృందాలు నెలకింత అని చందా వేసుకుని, తమకు నచ్చిన పొడి తెప్పించుకుని, సొంత కూజా పెట్టుకునేవి. చందా కట్టనివాడు ఆ కూజా ముట్టుకుంటే మాటలు పడేవాడు. అంటే ఓడ మీద కూడా కాఫీలో ఎంపిక ఉంది, ఖరీదు ఉంది, హోదా ఉంది. చైన్ షాపుతో తేడా ఎక్కడంటే, ఓడలో ఆ తేడాలన్నీ మనిషి చేసే పనిని బట్టి, చేరిన బృందాన్ని బట్టి ఏర్పడ్డాయి. షాపులో అవి జేబును బట్టి, ఇష్టాన్ని బట్టి ఏర్పడతాయి.

కప్పు కడగని సంప్రదాయాన్ని కూడా ఈ వెలుగులోనే చూడాలి. చాలాకాలం సర్వీసు ఉన్న చీఫ్ తన కప్పును సబ్బుతో కడగనివ్వడు. లోపల గోడలకు గోధుమ నలుపు రంగులో పొరలు పొరలుగా పేరుకున్న కాఫీ మరక అతని సర్వీసు పుస్తకంతో సమానం. తెలియక దాన్ని తోమి మెరిపించిన కొత్త కుర్రవాడి కథ లేని ఓడ ఉండదు. పేరుకున్న ఆ పొరలో ఉండేది వగరు పదార్థాలూ పాతబడిన కాఫీ నూనెలే, దానివల్ల రుచి పెరిగే అవకాశం లేదు. ఆనాటి కప్పులు కూడా మామూలువి కావు. యుద్ధకాలంలో న్యూయార్క్ రాష్ట్రంలోని విక్టర్ అనే ఊళ్లో, కరెంటు స్తంభాల పింగాణీ ఇన్సులేటర్లు తయారుచేసే ఫ్యాక్టరీ సైన్యానికి మందపాటి కప్పులు చేసిచ్చింది. అంత మందమైన గోడ వేడిని పట్టి ఉంచుతుంది, ఓడ ఊగినా కప్పు బోర్లాపడదు. నౌకాదళపు కప్పుల్లో పిడి లేనివీ ఉండేవి, చలిలో రెండు చేతులతో పట్టుకోవడానికి అదే హాయి. మూత బిగించిన కాగితపు కప్పు మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసి పిలవడం అటువంటి కప్పును పదేళ్లు వాడినవాడికి ఎబ్బెట్టుగా తోచడం సహజమే. సొంత కప్పు ఉన్నవాడికి పేరు రాయవలసిన అవసరం లేదు కదా.

చైన్ షాపుల మీద మాజీ సైనికుల అసంతృప్తికి రుచితో సంబంధంలేని ఒక పాయ కూడా ఉంది. 2004లో ఒక ఈమెయిలు అమెరికా అంతటా తిరిగింది. ఇరాక్‌లో ఉన్న మెరీన్ సైనికులు కాఫీ పంపమని అడిగితే, యుద్ధాన్ని సమర్థించం కాబట్టి పంపమని స్టార్‌బక్స్ జవాబిచ్చిందన్నది దాని సారాంశం. అది నిజం కాదు. దాన్ని మొదలుపెట్టిన మెరీన్ సార్జంటే తర్వాత తన మాట తప్పని ఒప్పుకుని సవరణ పంపాడు. సవరణ మాత్రం అసలు ఈమెయిలు తిరిగినంత దూరం తిరగలేదు, మెరీన్ దళం నౌకాదళ శాఖ కిందిదే కావడంతో ఆ పుకారు మాజీ నావికుల మనసుల్లోనూ నాటుకుపోయింది. ఆ తర్వాత 2013లో అయిదేళ్లలో పదివేల మంది మాజీ సైనికులకూ వారి జీవిత భాగస్వాములకూ ఉద్యోగాలిస్తామని కంపెనీ ప్రకటించింది, నవంబరు 11న మాజీ సైనికుల దినోత్సవం నాడు ఉచితంగా కాఫీ ఇవ్వడం అలవాటు చేసుకుంది. ఏడాదికోసారి దొరికే ఆ ఉచిత కప్పును తాగడానికి వచ్చేవారిలో, మిగతా 364 రోజులూ ఆ షాపును తిట్టేవారూ ఉంటారనుకుంటే తప్పులేదు.

ఈ అసంతృప్తిని పసిగట్టి వ్యాపారంగా మలచినవారూ ఉన్నారు. సైన్యంలో ప్రత్యేక దళంలో పనిచేసిన ఇవాన్ హేఫర్ 2014లో బ్లాక్ రైఫిల్ కాఫీ కంపెనీని ప్రారంభించాడు. 2017లో స్టార్‌బక్స్ పదివేల మంది శరణార్థులకు ఉద్యోగాలిస్తామన్నప్పుడు, ఈ కంపెనీ పదివేల మంది మాజీ సైనికులకు ఇస్తామని బదులు ప్రకటన చేసి ప్రచారం సంపాదించింది. 2022లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. దాని షాపుల్లో కూడా సిరప్పులు కలిపిన లాటేలు, చల్లటి తీపి పానీయాలు అమ్ముతారు, ధర కూడా ఇతర చైన్ షాపుల సరసనే ఉంటుంది. చైన్ షాపు నచ్చనివారికి మందుగా తయారైంది మరో చైన్ షాపే. పెద్దతరం నావికులు ఫిర్యాదు చేసిన విషయాల్లో, అంటే కొనుక్కోవలసి రావడం, వరుసలో నిలబడటం, ఎవరి కప్పు వారిదే కావడం అనే వాటిలో, ఇది ఏ ఒక్కదాన్నీ మార్చలేదు. గోడమీది బొమ్మలు మాత్రం మారాయి.

మరోవైపు చైన్ షాపు ఓడ మీదికే ఎక్కింది. పెద్ద విమాన వాహక నౌకల్లో ఓడ దుకాణం నడిపే కాఫీ బార్లు ఇప్పుడు మామూలే. అబ్రహాం లింకన్ నౌకలో ఉన్నదాని పేరు జిటరీ ఏబ్స్. అక్కడ వరుసలో నిలబడి, డబ్బు కట్టి, కారమెల్ కలిపిన లాటే కొనుక్కోవచ్చు, ఆ లాభం మళ్లీ నావికుల వినోద కార్యక్రమాల నిధికే పోతుంది. భోజనశాలలో ఉచిత కాఫీ పాత్ర అలాగే ఉన్నా కుర్ర నావికులు ఈ బారు దగ్గర బారులు తీరుతారంటే, ఓడ కాఫీ గొప్పదనం మీద నేటి తరం ఇచ్చిన తీర్పు ఏమిటో తెలుస్తూనే ఉంది. 1970లలో సర్వీసు చేసినవారికి ఓడ కాఫీ, షాపు కాఫీ రెండు లోకాలు. 2010 తర్వాత చేరినవారికి అవి ఒకే ఓడలో రెండు కౌంటర్లు. అందుచేత మాజీ నావికుల అభిప్రాయమంటూ ఒక్కటే ఉన్నట్టు మాట్లాడటం ఇక కుదరదు.

సియాటిల్ ప్రాంతంలో ఈ రెండు లోకాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. స్టార్‌బక్స్ పుట్టిన పైక్ ప్లేస్ మార్కెట్‌కు కాస్త దూరంలో ఫెర్రీ ఎక్కితే, గంటలో నౌకాదళపు షిప్‌యార్డు ఉన్న బ్రెమర్టన్ చేరుకోవచ్చు. ఉత్తరాన ఎవరెట్‌లో మరో నౌకాదళ స్థావరం ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద వెళ్లి రెడ్మండ్, బెల్‌వ్యూలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఇది ఎరిగిన నేలే, వారాంతాల్లో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను మొదటి షాపుగా పేరుపడ్డ పైక్ ప్లేస్ షాపు ముందు నిలబెట్టి ఫొటో తీయడం అక్కడ దాదాపు ఆచారమైపోయింది. కంపెనీ తన పేరును తిమింగల వేట కథలోని ఓడ అధికారి నుంచి, గుర్తును రెండు తోకల జలకన్య బొమ్మ నుంచి తీసుకుంది. సముద్రాన్ని అంతగా వాడుకున్న షాపు మీద సముద్రం చూసినవారికే కినుక ఉండటం తమాషా.

ఓడ కాఫీ ఏర్పాటు నేలమీద దాదాపు అలాగే మిగిలిన చోటు ఒకటుంది. విదేశీ యుద్ధాల్లో పాల్గొన్నవారి సంఘం, అమెరికన్ లీజియన్ వంటి మాజీ సైనికుల సంఘాలకు ఊరూరా హాళ్లున్నాయి. అక్కడ ఉదయాన్నే ఒకరు వచ్చి పెద్ద పాత్రలో డబ్బా కాఫీ పెడతారు, పక్కన చిల్లర వేయడానికి ఒక సీసా ఉంటుంది, వేయకపోయినా ఎవరూ అడగరు. పదకొండింటికల్లా ఆ కాఫీ చేదెక్కిపోయి ఉంటుంది, దానిని పారబోయాలన్న ఆలోచన ఎవరికీ రాదు. రుచిలో అది ఏ చైన్ షాపు కాఫీతోనూ తూగదు. అక్కడ కూర్చున్నవారికి చైన్ షాపులో దొరకనిది పాత్ర దగ్గరి ఆ సహవాసం, దాన్నే వారు కాఫీ ఘాటు పేరుతో చెప్పుకుంటున్నారని ఈ వ్యాస రచయిత అంచనా. ఆ సంఘాల సభ్యత్వం దశాబ్దాలుగా తగ్గుతూ వస్తోంది. ఇరాక్, అఫ్గానిస్తాన్ తరం వారు హాళ్లకు రావడం తక్కువ, పనికి పోతూ దారిలో కారు దిగకుండానే కప్పు అందుకోవడం ఎక్కువ.